పని ఒకరిది, పట్టా ఒకరిది: సుస్థిర వ్యవసాయంలో ఆడవాళ్ళు, యువత

ఎకరానికి సరిపడా జీవామృతం కలపాలంటే 200 లీటర్లు పట్టే డ్రమ్ము కావాలి. అందులో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి లాంటి పప్పుల పిండి, పొలం గట్టు మీది మట్టి ఓ గుప్పెడు వేస్తారు. మిగతాదంతా నీళ్ళే. గోనెసంచి కప్పి 48 గంటలు నీడన ఉంచి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పుతారు. కొనాల్సింది దాదాపుగా బెల్లం, పిండి మాత్రమే. ఏ శిక్షణలో కూర్చున్నా ఇంతవరకు చక్కగా చెబుతారు.

చెప్పని సంగతి ఒకటుంది. 15 లీటర్ల బకెట్‌తో మోస్తే ఆ డ్రమ్ము నిండేసరికి పదమూడుసార్లు తిరగాలి. తెల్లారకముందే లేచి మూత్రం పట్టాలి, పేడ ఎత్తాలి. పంట ఉన్నన్నాళ్ళూ పదిహేను రోజులకోసారి మళ్ళీ ఇదే వరస. చాలా ఇళ్ళలో పశువుల పని ఆడవాళ్ళదే కాబట్టి ఈ పనీ వాళ్ళ లెక్కలోనే పడుతుంది. యూరియా బస్తా ఖర్చు తగ్గింది, నిజమే. ఆ బస్తా చేసే పనిలో కొంత మాత్రం ఆమె భుజం మీదికి వచ్చింది.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. దాంతో ‘సుస్థిర వ్యవసాయంలో మహిళలు, యువత పాత్ర’ అన్న మాట సభల్లో తెగ వినిపిస్తోంది. పాత్ర ఉందన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా ఆ పాత్రకు పేరు, పైసా, పెత్తనం ఎంత దక్కుతున్నాయన్న దగ్గరే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వరకు ఆ చిక్కు ఎలా ఉందో చూద్దాం.

మూడు పేర్లు, మూడు అర్థాలు

సేంద్రియం, ప్రకృతి, సుస్థిరం అనే మాటలను ఒకటిగానే వాడేస్తుంటాం. సేంద్రియ వ్యవసాయంలో రసాయన ఎరువులు, పురుగుమందులు వాడరు గానీ, వర్మీ కంపోస్టు, వేపపిండి లాంటివి బయట కొనుక్కోవచ్చు. పంటను ‘ఆర్గానిక్’ అని అమ్మాలంటే సాధారణంగా సర్టిఫికెట్ కావాలి. ప్రకృతి వ్యవసాయంలో బయటినుంచి కొనేది వీలైనంత తక్కువ. పొలంలో, కొట్టంలో దొరికేవాటితోనే నడిపిస్తారు. నేలను ఎప్పుడూ ఏదో ఒక పచ్చదనంతో కప్పి ఉంచాలన్నది అందులో ముఖ్యమైన సూత్రం.

సుస్థిర వ్యవసాయం ఈ రెండింటికంటే పెద్ద గొడుగు. నేల, నీరు చెడిపోకుండా ఉండడం ఒక షరతు. ఆ ఇంటికి గిట్టుబాటు కావడం, చేసే మనిషి నలిగిపోకుండా ఉండడం కూడా షరతులే. మట్టి బాగుపడి, ఇంటి కోడలి నడుము విరిగిపోతే దాన్ని సుస్థిరం అనొచ్చా అన్న ప్రశ్న ఈ మూడో షరతు నుంచే పుడుతుంది.

కాగితం మీద ‘రైతు’ ఎవరు?

2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసే గ్రామీణ మహిళల్లో దాదాపు 77 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. మగవాళ్ళలో అది సుమారు 49 శాతం. ఊళ్ళో మగవాళ్ళు ఆటో, మేస్త్రీ పని, టౌన్‌లో సెక్యూరిటీ ఉద్యోగం అంటూ బయటికి వెళ్తుంటే, పొలం మెల్లగా ఆడవాళ్ళ చేతికి వస్తోందన్నమాట.

ఇక కమతాల లెక్క చూడండి. 2015-16 వ్యవసాయ గణనలో మహిళల పేరున ఉన్న సాగు కమతాలు సుమారు 14 శాతం. దక్షిణాది రాష్ట్రాల్లో వాటా ఇంకాస్త మెరుగే. అయినా దాన్ని కళ్ళకద్దుకునే ముందు కాస్త ఆలోచించాలి. పథకం కోసమో, ఇంకేదో అవసరానికో భార్య పేరున రాయించిన భూములు ఎన్నో మనకు తెలుసు. పాసు పుస్తకంలో ఫొటో ఆమెది, పెత్తనం ఆయనది.

2011 జనాభా లెక్కలు ఇంకో కోణం చూపిస్తాయి. అందులో సొంతంగానో కౌలుకో సాగుచేసేవాళ్ళు ఒక గడి, వ్యవసాయ కూలీలు మరో గడి. ‘సాగుదారు’ గడిలో ఉన్న మహిళలు సుమారు 3.6 కోట్లు, ‘కూలీ’ గడిలో ఉన్నవాళ్ళు 6.1 కోట్లకు పైనే. కాబట్టి ‘మహిళా రైతు’ అనగానే అందరూ ఒకటే అనుకుంటే పొరపాటు. మూడెకరాల ఆసామి భార్యకు మేలైంది, ఆ చేలో కూలికి వచ్చే మనిషికి మేలు కాకపోవచ్చు. కలుపు లెక్కలో ఇది మళ్ళీ ఎదురవుతుంది.

పట్టా లేకపోతే ఏం పోతుందో తెలియాలంటే తెలంగాణ రైతు బీమా మంచి ఉదాహరణ. పట్టాదారు పాసు పుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసున్న రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తాయి. ఇప్పుడొక ఇంటిని ఊహించుకోండి. మూడెకరాలు, పట్టా 62 ఏళ్ళ మామగారి పేరున. దున్నేది, మందు కొట్టేది 36 ఏళ్ళ కొడుకు. నాటు, కలుపు, పశువులు, విత్తనం 31 ఏళ్ళ కోడలు. మామగారికి వయసు దాటిపోయింది. కొడుక్కి పట్టా లేదు. కోడలికీ లేదు. ముగ్గురు రైతులున్న ఇంట్లో బీమా లెక్కకు ఒక్క రైతూ లేడు. పంట రుణానికి బ్యాంకుకు వెళ్ళినా మొదట అడిగేది ఆ పుస్తకాన్నే.

ఈ ఉదాహరణలో కొడుకూ కోడలూ ఒకే పడవలో ఉన్నారు. ఆడవాళ్ళ సమస్య, యువత సమస్య అని మనం విడదీసి మాట్లాడుకుంటాం గానీ, మూలం చాలావరకు ఒకటే. పని ఒకరి చేతిలో ఉంది, కాగితం ఇంకొకరి బీరువాలో ఉంది.

చట్టం అడ్డు రాదు. ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దానికి ఉన్న సందేహాలూ తీర్చేసింది. అడ్డం వచ్చేది అలవాటు. పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా అని అన్నదమ్ములు అనడం, వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఆడపిల్ల హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టేయడం, ఇవేవీ కోర్టు దాకా వచ్చేవి కావు.

కలుపు లెక్క

సుస్థిర వ్యవసాయం గురించి ఎన్ని సిద్ధాంతాలు మాట్లాడుకున్నా, చివరికి పోట్లాట వచ్చేది కలుపు దగ్గరే. కలుపు తీయడం మన దగ్గర నూటికి తొంభై పాళ్ళు ఆడవాళ్ళ పని. గడ్డి మందు కొట్టడం మగవాళ్ళ పని. ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారితే ఖర్చుతో పాటు మనుషులూ మారతారు.

ఒక ఎకరా మెట్ట చేను తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి అంకెలు నేనే పెడుతున్నాను, ఊరిని బట్టి అవి మారతాయి. గడ్డి మందుకు, కొట్టిన కూలికి కలిపి 1,500 రూపాయలు. అదే చేత్తో తీయిస్తే పది మంది, మనిషికి 400 చొప్పున 4,000. రెండు విడతలు తప్పవు కాబట్టి 8,000. తేడా 6,500.

ఇక్కడి నుంచి కథ మూడు దారులు పడుతుంది.

మొదటి ఇంట్లో కూలీలను పెట్టుకుంటారు. ఆ 8,000 ఊళ్ళోని ఇరవై పనిదినాలుగా మారి ఆడకూలీల కొంగుముడిలోకి చేరుతుంది. మందు కంపెనీకి పోయే డబ్బు ఊళ్ళోనే ఉంది. కూలి మనిషి వైపు నుంచి చూస్తే ఇది మేలు. రైతు వైపు నుంచి చూస్తే, దిగుబడికి మంచి ధర రాకపోతే నష్టం.

రెండో ఇంట్లో కూలి ఇచ్చే స్తోమత లేదు. ఇంటి ఆడవాళ్ళే వంగి ఇరవై రోజులు తీస్తారు. లెక్కల పుస్తకంలో కలుపు ఖర్చు సున్నా. ‘సాగు ఖర్చు గణనీయంగా తగ్గింది’ అని నివేదిక రాసుకోవచ్చు. తగ్గిందనుకున్నది నిజానికి ఇరవై రోజుల జీతం లేని పని. ప్రకృతి వ్యవసాయం ఖర్చు లెక్కలు ఎక్కడ కనిపించినా, ఇంటి మనుషుల శ్రమకు కూలి కట్టారా లేదా అన్నది ముందు చూసుకోవాలి. కట్టకపోతే లాభం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

మూడో ఇంట్లో కలుపే తక్కువ పడేలా చూసుకుంటారు. ఆచ్ఛాదన పరచడం (నేలను గడ్డితో, ఆకులతో కప్పడం), అంతర పంటలు వేయడం, తొలకరికి ముందే ఇరవై ముప్పై రకాల విత్తనాలు కలిపి చల్లి నేలను కప్పేయడం, వరసల మధ్య గుంటకో దంతెనో లాంటి కలుపు పనిముట్టు తోలడం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం వాళ్ళు నమ్మకం పెట్టుకున్నది ఈ దారి మీదే. మొదటి ఏడాది రెండేళ్ళు పని ఎక్కువే ఉంటుందనీ, నేల తేరుకునేకొద్దీ తగ్గుతుందనీ వాళ్ళ వాదన. పద్ధతిగా చేసిన చేలలో ఇది జరుగుతుంది. ఆచ్ఛాదనకు గడ్డి దొరకని చోట, ఆ గడ్డిని పశువులు ఆశించే చోట జరగదు.

తెలంగాణ, ఆంధ్రల్లో కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనాలు అనుమతి లేకపోయినా దొంగచాటుగా అమ్ముడుపోతున్నాయి. కేసులు పెట్టినా ఆగలేదు. వాటిని కొనే రైతును తిట్టడం తేలిక. ఆ రైతు తప్పించుకోవాలనుకుంటున్నది మాత్రం ఈ 6,500 రూపాయల తేడానే.

పోనీ యంత్రం పెడితే? పవర్ వీడర్, కోనో వీడర్ వచ్చాయి. కానీ యంత్రం వచ్చిన రోజున ఆ పని ఆడవాళ్ళ చేతి నుంచి మగవాళ్ళ చేతికి మారిపోవడం మన ఊళ్ళలో మామూలే. బరువు తగ్గింది, దాంతోపాటు కూలీ పోయింది.

రెండు వైపులా ఉన్న వాదన

ప్రకృతి వ్యవసాయం ఆడవాళ్ళకు మేలే చేస్తుందనేవాళ్ళ దగ్గర బలమైన సాక్ష్యాలున్నాయి. మొదటిది పురుగుమందు. మందు కొట్టిన చేలో మర్నాడే వట్టి చేతులతో పత్తి తీసేదీ, మిరప కోసేదీ ఆడవాళ్ళే. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో 2000ల తొలి ఏళ్ళలో పత్తి, మిరప రైతులు పురుగుమందులు మానేశారు. అందులో పొదుపు సంఘాల పట్టుదలది పెద్ద పాత్ర. వేపగింజల కషాయం తయారీ చూసుకున్నదీ, ఊళ్ళోకి మందు డబ్బా రాకుండా కాపలా కాసిందీ వాళ్ళే. అప్పు తెచ్చి మందు కొనడం ఆగితే ఇంట్లో ఎవరి పుస్తెలు తాకట్టులోంచి బయటపడతాయో వేరే చెప్పక్కర్లేదు.

రెండోది డ్వాక్రా దారి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని మహిళా సంఘాల మీదుగానే ఊరూరికీ తీసుకెళ్ళింది. పద్ధతి నేర్పేది ఆఫీసరు కాకుండా ముందే చేసి చూసిన తోటి రైతు కావడం, వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే కావడం దాని బలం. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. ఇంటి పక్కన 20 సెంట్లలో రకరకాల కూరగాయలు వేసి రోజూ కాసిన్ని డబ్బులు చేసుకునే ‘ఏటీఎం’ మడి ఇందులో ఆడవాళ్ళకు బాగా కలిసొచ్చింది. ఏడాదికోసారి వచ్చే పత్తి డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. రోజూ వచ్చే ఆకుకూర డబ్బు ఆమె చేతిలో ఉంటుంది.

అవతలి వాదనా కొట్టిపారేసేది కాదు. దిగుబడి విషయంలోనే శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతిని ఇంకా రుజువు కానిదిగా చూసి, ప్రభుత్వం దీన్ని ప్రోత్సహించడాన్ని తప్పుపట్టింది. దిగుబడి పడితే ఇంట్లో ముందు తగ్గేది ఎవరి కంచంలోనో మనకు తెలుసు. స్త్రీవాద ఆర్థికవేత్తల అభ్యంతరం ఇంకోటి: ప్రకృతికీ ఆడవాళ్ళకూ ఏదో సహజబంధం ఉందని పొగిడి, జీతంలేని చాకిరీని వాళ్ళకే అంటగడుతున్నారని.

నాకు అర్థమైనంతలో ఈ రెండు పక్షాలూ ఒకే మనిషి గురించి మాట్లాడడం లేదు. నిర్ణయం తన చేతిలో ఉన్న ఆమెకు మొదటి వాదన సరిపోతుంది. ఇంకొకరి నిర్ణయానికి చాకిరీ చేసే ఆమెకు రెండోది.

విత్తనం కొట్టు తాళం

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాలను చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఎక్కువమంది దళిత మహిళలు. చేతిలో ఉన్నది రాళ్ళు తేలిన పడావు భూమి, లేదంటే గుంపుగా పట్టిన కౌలు భూమి. జొన్న, సజ్జ, కొర్ర, సామ, పప్పులు ఒకే చేలో కలిపి వేశారు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచారు. కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళి, పంట వచ్చాక తీసుకున్నదానికి మించి తిరిగిస్తారు. సంక్రాంతి నుంచి నెలరోజులు ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పే పాత పంటల జాతర వాళ్ళదే. 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు.

ఏ పంట వేయాలి, ఎంత తినడానికి ఉంచాలి, ఎంత అమ్మాలి అన్నది వాళ్ళే తేల్చుకున్నారు. అక్కడా పని తక్కువేం కాదు. తాళం చెవి వాళ్ళ దగ్గర ఉంది, అంతే తేడా.

కుర్రాళ్ళు ఎందుకు వెళ్ళిపోతున్నారు?

2003 జాతీయ నమూనా సర్వేలో దాదాపు 40 శాతం రైతులు ‘వేరే దారి ఉంటే ఇది మానేస్తాం’ అన్నారు. వాళ్ళ పిల్లలే ఇప్పటి యువత. ఆ మాట ఇంట్లో వింటూ పెరిగినవాళ్ళు పొలానికి రాకపోతే ఆశ్చర్యం ఏముంది?

ఆదాయం తక్కువన్నది అందరూ చెప్పే కారణం. అది నిజమే గానీ అదొక్కటే కాదు. తండ్రి ఉన్నంతకాలం పట్టా కొడుక్కి రాదు. ముప్పై అయిదేళ్ళు వచ్చినా ‘ఈసారి నువ్వులు వేద్దాం నాన్నా’ అని అడగాల్సిందే గానీ వేసేయడానికి లేదు. పద్ధతి మార్చాలంటే రెండు మూడేళ్ళు దిగుబడి అటూ ఇటూ అవుతుంది. అప్పు తీర్చే బాధ్యత ఉన్న తండ్రి ఆ రిస్క్ ఎందుకు తీసుకుంటాడు? ఆయన భయమూ న్యాయమైందే. చివరికి కొడుకు హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఇక పెళ్ళి సంగతి సరేసరి. నెలకు పదిహేను వేల ఉద్యోగానికి పిల్లనిస్తారు, పదెకరాల రైతుకు ఇవ్వరు. ఇది జోకులా వినిపిస్తుంది గానీ ఊళ్ళో ముప్పై దాటిన కుర్రాళ్ళను అడగండి.

వచ్చేవాళ్ళూ ఉన్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి ఊళ్ళలో ఉంటూ ప్రకృతి వ్యవసాయం చేసి చూపించే ఫెలోలు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వదిలేసి వచ్చి యూట్యూబ్‌లో కనిపించేవాళ్ళు సరే. వాళ్ళకు వెనక పొదుపు ఉంటుంది, దెబ్బతింటే తిరిగి వెళ్ళే ఉద్యోగం ఉంటుంది. వాళ్ళను చూపించి ‘యువత తిరిగి వస్తోంది’ అని చెప్పడం కాస్త మోసమే. నిలబడేవాళ్ళు ఎక్కువగా దున్నకం చుట్టూ ఉన్న పనులు పట్టుకున్నవాళ్ళు: కషాయాలు తయారుచేసి అమ్మడం, అద్దెకు యంత్రాలు, గానుగ, ప్యాకింగ్, వాట్సాప్ గ్రూపులో టౌన్ కస్టమర్లకు నేరుగా అమ్మకం. వీటిల్లో చాలావాటికి పట్టా అక్కర్లేదు.

పథకాలు ఎటు చూస్తున్నాయి?

కేంద్రం 2024 నవంబరులో 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 15,000 క్లస్టర్లు (ఒకచోటి పొలాల సమూహాలు), 7.5 లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులు లక్ష్యం. క్లస్టర్‌కు ఇద్దరు చొప్పున కృషి సఖులు (శిక్షణ పొందిన ఊరి మహిళలు) గానీ, ఊరి నుంచే ఎంచుకున్న ఇతర శిక్షకులు గానీ ఊళ్ళో తిరిగి నేర్పిస్తారు. మహిళలను శిక్షకులుగా చూడడం మంచి మార్పు. వాళ్ళకు ఇచ్చేది జీతం అనకుండా గౌరవ వేతనం అనడంలో మాత్రం పాత అలవాటు కనిపిస్తుంది. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు ఈ మాట బాగా పరిచయం.

అంతకు ముందు ఏడాది వచ్చిన నమో డ్రోన్ దీదీ కింద 15,000 మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో, గరిష్ఠంగా 8 లక్షల వరకు సాయంతో డ్రోన్లు ఇవ్వాలన్నది ప్రణాళిక. యంత్రం వస్తే పని మగవాళ్ళకు పోతుందన్న వరసను ఇది తిరగేస్తుంది, అందుకు మెచ్చుకోవాలి. అయితే డ్రోన్ తనంతట తాను సుస్థిరం కాదు. ట్యాంకులో నీమాస్త్రం (వేపాకు కషాయం) పోస్తే అది చల్లుతుంది, పురుగుమందు పోస్తే అదీ చల్లుతుంది.

కలిసి కౌలు పడితే?

పట్టా రావడానికి తరాలు పట్టేట్టుంటే, ఈలోగా భూమి చేతికి వచ్చే దారి గుంపుగా కౌలుకు తీసుకోవడం. దీని మీద ఆర్థికవేత్త బీనా అగర్వాల్ కేరళ, తెలంగాణ మహిళా సంఘాల సాగును అక్కడి మామూలు కుటుంబ సాగుతో పోల్చి చూశారు. కేరళలో సంఘాల సాగు ఎకరా ఉత్పత్తి విలువ కుటుంబ సాగు కంటే చాలా ఎక్కువ, దాదాపు 1.8 రెట్లు. తెలంగాణలో సంఘాలు ఉత్పత్తిలో వెనకబడ్డాయి గానీ, కూలీ ఖర్చు మిగలడంతో నికర రాబడిలో సమానంగా నిలిచాయి.

కేరళలో కుడుంబశ్రీ అనే ప్రభుత్వ మహిళా సంఘాల కార్యక్రమం వెన్నుదన్ను ఉంది, నాబార్డ్ రుణం అందింది, అరటి, కూరగాయల్లాంటి వాణిజ్య పంటలు వేశారు. మన దగ్గర సంఘాలకు అంత వెన్నుదన్ను లేదు. అంటే ఆడవాళ్ళు కలిసి చేస్తే చాలు గెలుస్తారన్న మాట పూర్తిగా నిజం కాదు, చేయలేరన్న మాట అసలే నిజం కాదు.

కౌలుకూ ఒక కాగితం కావాలి. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు 11 నెలల కార్డు ఇస్తుంది. దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని చాలామంది యజమానులు ‘నోటి మాట మీద చేసుకోండమ్మా, కాగితాలెందుకు’ అంటారు. 11 నెలలు అయ్యాక అదే గడప ముందు మళ్ళీ నిలబడి, అదే సంతకం మళ్ళీ అడగాలి.